రేడియో నియంత్రిత మోడల్ పడవల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

మోడల్ పడవల మీద కొత్తగా ఆసక్తి కలిగినవారు అడిగే సందేహాలు పైకి సాంకేతికమైనవిగా కనిపించినా, వాటిలో చాలావరకు చరిత్ర తెలిస్తే తీరిపోయేవే. అవే ప్రశ్నలు పదే పదే వస్తున్నందువల్ల వాటిని కాలక్రమంలో, దశలవారీగా ఇక్కడ చేర్చాము. ప్రతి సమాధానం దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు.

## రేడియో రాకముందు

రేడియో లేని రోజుల్లో మోడల్ పడవలను ఎలా నడిపేవారు?

వదిలేసేవారు, అంతే. తెరచాప పడవను చెరువు ఒక ఒడ్డున గాలి వాలును బట్టి సర్ది వదిలితే, అది తనంతట తాను అవతలి ఒడ్డుకు చేరేది. దాన్ని వదిలినవారు ఒడ్డు వెంబడి నడిచి వెళ్లి, చేతికర్రతో దాని దిశ మార్చి మళ్లీ నీటిలోకి నెట్టేవారు. లండన్‌లోని కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో ఉన్న రౌండ్ పాండ్ ఇటువంటి పడవలకు 19వ శతాబ్దం నుంచే పేరు పొందింది. బ్రిటన్‌లో మోడల్ యాటింగ్ అసోసియేషన్ 1911లో ఏర్పడింది.

పడవ దారి తప్పకుండా ఉండేందుకు ఆనాటివారు చేసిన ఉపాయాలు చాలా తెలివైనవి. బ్రెయిన్ గేర్ అనే అమరికలో తెరచాపను పట్టి ఉంచే తాడునే చుక్కానికి కలిపేవారు. గాలి బలంగా వీచి తెరచాప లాగినకొద్దీ చుక్కాని తగినంత తిరిగి, పడవ గాలివైపు మళ్లకుండా ఆపేది. 1930లలో వేన్ గేర్ వచ్చింది. గాలి ఎటు వీస్తుందో చూపే చిన్న రెక్క ఒకటి చుక్కానిని తిప్పేది కాబట్టి, గాలికి పడవ చేసే కోణం మారకుండా నిలిచేది. మనిషి ఆజ్ఞ అందని దూరంలో పడవ తనను తాను సరిదిద్దుకోవడమే ఈ రెండింటి కిటుకు.

ఆవిరితోనో, గడియారపు స్ప్రింగుతోనో నడిచే పడవల సంగతి ఇంతకంటే సులభం. వాటిని తిన్నగా ఒక గురివైపు వదిలి ఎంత దగ్గరగా చేరిందో కొలిచేవారు, లేదా నీటి మధ్య పాతిన స్తంభానికి తాడు కట్టి గుండ్రంగా పరుగెత్తించి వేగం కొలిచేవారు.

రేడియోతో మొదట పడవనే ఎందుకు నడిపారు? విమానంతో ఎందుకు మొదలుపెట్టలేదు?

బరువు వల్ల. తొలినాటి రేడియో సామగ్రిలో బ్యాటరీలు, రిలేలు (విద్యుత్తుతో పనిచేసే స్విచ్చులు), మోటార్లు అన్నీ బరువైనవే. ఆ బరువును గాలిలోకి లేపాలంటే శక్తి కావాలి. నీటి మీద మోయాలంటే పడవను కాస్త పెద్దదిగా చేస్తే చాలు, మిగతా పని నీరే చూసుకుంటుంది. రెండో కారణం మరింత ముఖ్యమైనది: రేడియో విఫలమైతే విమానం కూలిపోతుంది, పడవ మాత్రం తేలుతూ ఆగిపోతుంది. నమ్మకం లేని సాధనాన్ని పరీక్షించుకోవడానికి ఇంతకంటే క్షమాగుణం ఉన్న వాహనం మరొకటి లేదు. ఈ ఆటలో వచ్చిన మార్పులన్నిటి వెనుకా ఈ రెండు గుణాల ప్రభావం కనిపిస్తుంది.

## తొలి ప్రయోగాలు

మొదటి రిమోట్ పడవను టెస్లాయే చేశాడంటారు. నిజమేనా?

బహిరంగంగా చూపించి, పేటెంట్ పొందిన తొలి రేడియో నియంత్రిత పడవ నికోలా టెస్లాదే. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఏర్పాటైన విద్యుత్ ప్రదర్శనలో, నీటి తొట్టిలో ఒక చిన్న ఇనుప పడవను ఎటువంటి తీగలూ లేకుండా ఆయన తిప్పి చూపించాడు. అందులో ప్రొపెల్లరును తిప్పే మోటారు, చుక్కానిని తిప్పే మోటారు, కొన్ని దీపాలు, బ్యాటరీలు ఉండేవి. జులై 1న దాఖలు చేసిన దరఖాస్తుకు అదే ఏడాది నవంబరు 8న 613,809 నంబరుతో అమెరికా పేటెంట్ లభించింది. ఆ పేటెంట్ పరిధి పడవలకే పరిమితం కాలేదు, కదిలే వాహనాలన్నిటికీ వర్తించేలా రాశారు.

ప్రేక్షకులు లెక్కలు అడిగితే పడవ దీపాలు ఆర్పి వెలిగించి జవాబు చెప్పేదనీ, 64కు ఘనమూలం ఎంత అని అడిగితే నాలుగుసార్లు మెరిసిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. జవాబు చెప్పింది పడవ కాదు, మీట దగ్గర నిలబడిన టెస్లా అని ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. అయితే తీగ లేకుండా ఆజ్ఞ అందుతుందనే ఊహే లేని జనానికి పడవకు బుద్ధి ఉందనుకోవడమే సులభంగా తోచి ఉంటుంది.

టెస్లా పడవ రేడియో సంకేతాన్ని ఎలా పట్టుకునేది?

కోహెరర్ అనే సాధనంతో. గాజు గొట్టంలో లోహపు రజను వదులుగా పోసి ఉంచితే మామూలుగా దాని గుండా విద్యుత్తు సరిగా ప్రవహించదు. రేడియో తరంగం తగలగానే ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని విద్యుత్తుకు దారి ఇస్తాయి. ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్వార్డ్ బ్రాన్లీ 1890లో ఈ గుణాన్ని వెల్లడించాడు. చిక్కు ఏమిటంటే, తరంగం ఆగిపోయినా రేణువులు అతుక్కునే ఉంటాయి. గొట్టాన్ని కదిలిస్తే తప్ప తరువాతి సంకేతాన్ని అది పట్టలేదు. టెస్లా ఆ గొట్టం ప్రతి సంకేతం తరువాత తనంతట తాను తలకిందులయ్యేలా ఏర్పాటు చేశాడు.

కోహెరరుకు తెలిసింది ఒక్కటే: సంకేతం వచ్చిందా, రాలేదా. ఎంత బలంగా వచ్చింది, ఎంతసేపు వచ్చింది అనే తేడాలను అది చెప్పలేదు. అందువల్ల ప్రతి సంకేతానికీ పడవలోని చక్రం ఒక మెట్టు ముందుకు జరిగి, ఆ మెట్టుకు తగిన పని జరిగేలా అమర్చారు.

టెస్లా తరువాత ఈ పనిని ఎవరు కొనసాగించారు?

స్పెయిన్‌కు చెందిన ఇంజినీరు లియొనార్డో టోరెస్ కెవెడో పేరు ముందు చెప్పుకోవాలి. ఆయన 1903లో తన టెలికినో యంత్రాన్ని పారిస్ సైన్స్ అకాడమీకి వివరించాడు. మాడ్రిడ్‌లోని కాసా దె కాంపో చెరువులో పడవతో పరీక్షించిన తరువాత, 1906లో బిల్బావోలో రాజు పదమూడవ అల్ఫోన్సో ఎదుట, తీరం మీద నిలబడి మనుషులున్న పడవను నడిపి చూపించాడు. పంపిన సంకేతాల సంఖ్యను బట్టి వేర్వేరు పనులు జరిగేలా చేయడం ఆయన పద్ధతి. టెస్లాకు దక్కిన కీర్తిలో పదో వంతు కూడా ఆయనకు దక్కలేదు. ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ 2007లో టెలికినోను ఒక చారిత్రక మైలురాయిగా గుర్తించింది.

అమెరికాలో జాన్ హేస్ హామండ్ జూనియర్ 1910లలో మసాచుసెట్స్ తీరంలోని గ్లౌసెస్టర్ దగ్గర పెద్ద పడవలను రేడియోతో నడిపే ప్రయోగాలు చేశాడు. ఆయన దృష్టి సముద్ర రక్షణ మీద ఉండేది, ఆట మీద కాదు.

యుద్ధనౌకలను కూడా రేడియోతో నడిపారట కదా. వాటికీ మోడల్ పడవలకూ సంబంధం ఉందా?

సాంకేతికంగా ఉంది, పరిమాణంలోనే తేడా. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పేలుడు పదార్థం నింపిన మానవరహిత పడవలను ప్రయోగించింది. 1917 అక్టోబరు 28న అటువంటి పడవ ఒకటి బ్రిటిష్ నౌక ఎరెబస్‌ను ఢీకొట్టింది. దాన్ని నడిపింది రేడియో కాదు, వెనుక విప్పుకుంటూ పోయే పొడవైన తీగ. తీరం మీది చోదకునికి ఎటు తిప్పాలో విమానం నుంచి వైర్‌లెస్‌లో చెప్పేవారు.

యుద్ధం ముగిశాక పాతబడిన భారీ నౌకలను ఫిరంగి గురికి లక్ష్యాలుగా మార్చి రేడియోతో నడిపారు. అమెరికాలో అయోవా, బ్రిటన్‌లో అగమెమ్నాన్, దాని తరువాత సెంచూరియన్ అలా మారినవే. వేల టన్నుల నౌకైనా, చెరువులో అడుగు పొడవు పడవైనా, చుక్కాని ఎటు తిరగాలి, యంత్రం ఆడాలా ఆగాలా అనే ప్రశ్నలే రెండింటికీ ఎదురవుతాయి.

## ఇంటి బల్ల మీదికి వచ్చిన రేడియో

మామూలు మనుషులు రేడియో పడవలను ఎప్పటి నుంచి తయారు చేసుకోగలిగారు?

1930ల చివరిలో దారి తెరుచుకుంది, 1950లలో అది వాడుకలోకి వచ్చింది. 1938లో రేథియాన్ సంస్థ తెచ్చిన ఆర్‌కె-61 అనే, వాయువు నింపిన చిన్న గాజు గొట్టం వంటి వాల్వు ఒక్కటే రిసీవరు మొత్తానికి సరిపోయేది. సంకేతం రాగానే దానిలో ప్రవహించే విద్యుత్తు మారి ఒక రిలేను కదిలించేది. దానికి 45 వోల్టుల బ్యాటరీ కావాలి, వాల్వు ఆయుష్షు తక్కువ, సర్దుబాటు తరచూ చెడిపోయేది. అయినా రేడియో విద్యలో పండితుడు కానివాడు కూడా పడవలో రిసీవరు పెట్టుకోగలిగాడు.

రెండో అడ్డంకి చట్టం. తరంగాలను ప్రసారం చేయాలంటే రేడియో అమెచ్యూర్ పరీక్ష రాసి లైసెన్సు పొందవలసి వచ్చేది. 1950లలో అమెరికా, బ్రిటన్ వంటి దేశాలు 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పరీక్ష లేకుండా మోడళ్ల నియంత్రణకు అవకాశం ఇచ్చాయి. మోర్స్ కోడు నేర్చుకోవాలన్న భయంతో వెనుకాడినవారందరికీ అప్పుడు దారి దొరికింది.

ఒకే మీట నొక్కి పడవను ఎడమకూ కుడికీ ఎలా తిప్పేవారు?

వరుస క్రమాన్ని గుర్తుపెట్టుకుని. ఆనాటి సింగిల్ చానల్ సెట్టులో ట్రాన్స్‌మిటరుకు ఒకే మీట ఉండేది. పడవలో మెలితిప్పిన రబ్బరు పట్టీతోనో, స్ప్రింగుతోనో తిరగడానికి సిద్ధంగా ఉన్న ఒక పళ్ల చక్రాన్ని అయస్కాంతం ఆపి ఉంచేది. దీన్ని ఎస్కేప్‌మెంట్ అంటారు. మీట నొక్కితే చక్రం ఒక మెట్టు జారి చుక్కాని కుడికి తిరుగుతుంది. వదిలితే నడిమికి వస్తుంది. మళ్లీ నొక్కితే ఎడమకు తిరుగుతుంది, వదిలితే మళ్లీ నడిమికి.

అంటే వెంటవెంటనే రెండుసార్లు కుడికే తిప్పాలంటే, మధ్యలో ఎడమ మెట్టును గబుక్కున దాటించాలి. చివరగా ఎటు తిప్పామో మరచిపోతే పడవ అనుకున్నదానికి వ్యతిరేక దిశలో పోతుంది. రబ్బరు పట్టీ మెలికలు అయిపోతే ఇక ఎటూ తిరగదు. ఈ ఇబ్బందులను ఆ తరంవారు ఆటలో భాగంగానే తీసుకున్నారు.

రీడ్ సెట్టు అంటే ఏమిటి?

వేర్వేరు స్వరాలను గుర్తుపట్టే రిసీవరు ఉన్న సెట్టు. ట్రాన్స్‌మిటరులోని ఒక్కో మీట ఒక్కో శబ్ద పౌనఃపున్యాన్ని పంపుతుంది. రిసీవరులో హార్మోనియం రీడ్ల వలె, పొడవులు వేర్వేరుగా ఉన్న సన్నని ఉక్కు పట్టీలు వరుసగా ఉంటాయి. వచ్చిన స్వరానికి సరిపోయే పట్టీ మాత్రమే కంపించి తన స్విచ్చును తాకుతుంది. కుడికి ఒక పట్టీ, ఎడమకు ఒక పట్టీ కావాలి కాబట్టి, పది రీడ్ల సెట్టు అంటే నిజానికి ఐదు పనులు. 1950ల చివరి నుంచి 1960ల నడిమి వరకు ఇవే మేలు సెట్లు. వరుస గుర్తుపెట్టుకునే బాధ తప్పింది గాని, చుక్కాని పూర్తిగా తిరగడమో, తిరగకపోవడమో తప్ప కొద్దిగా తిప్పడం వీటితో సాధ్యం కాదు. మీటను టకటకా తట్టి ఆ కొద్దిపాటి మలుపును రాబట్టేవారు.

ప్రపోర్షనల్ నియంత్రణ వచ్చాక ఏం మారింది?

చెయ్యి ఎంత కదిలితే చుక్కాని అంత కదలడం మొదలైంది. నేడు ఇది ఎంత సహజంగా అనిపిస్తుందంటే, దీనికోసం అరవై ఏళ్లకు పైగా ఎదురుచూశారంటే కొత్తవారు నమ్మరు. 1960ల తొలి భాగంలో కాలిఫోర్నియాలో డాన్ మేథెస్, డగ్ స్ప్రెంగ్ అనే ఇద్దరు డిజిటల్ ప్రపోర్షనల్ పద్ధతిని రూపొందించారు. ట్రాన్సిస్టర్లు చవకగా దొరకడం వల్లనే అది ఆచరణలోకి వచ్చింది. వాల్వులతో అన్ని దశలు కడితే చిన్న పడవలో పట్టేవి కావు.

పద్ధతి ఇలా పనిచేస్తుంది. ట్రాన్స్‌మిటరు ఒక్కో మీట స్థానాన్ని ఒక్కో పల్స్ పొడవుగా మారుస్తుంది. 1.5 మిల్లీసెకన్ల పల్స్ అంటే నడిమి స్థానం. ఒక వైపు చివరకు సుమారు 1 మిల్లీసెకను, రెండో వైపు చివరకు సుమారు 2 మిల్లీసెకన్లు. అన్ని మీటల పల్సులు ఒకదాని వెనుక ఒకటి వెళ్తాయి. వరుస అయిపోయాక కొంత విరామం ఇచ్చి, సెకనుకు సుమారు 50 సార్లు ఇదే మళ్లీ మొదలవుతుంది. పడవలోని సర్వో, అంటే చుక్కాని వంటివాటిని తిప్పే చిన్న మోటారు అమరిక, తన ప్రస్తుత స్థానాన్ని వచ్చిన పల్సుతో పోల్చుకుని, తేడా పోయేవరకు తిరుగుతుంది. మిగతా సాంకేతికత అంతా మారిపోయినా ఈ పల్స్ కొలతలు అలాగే నిలిచిపోయాయి. అందువల్లనే దశాబ్దాల నాటి అనేక సర్వోలు, వైర్ల వరుస సరిచూసి కలిపితే, కొత్త రిసీవరుతో కూడా పనిచేస్తాయి.

## ఇంజిన్లు, మోటార్లు, హల్ ఆకారం

మోడల్ పడవల ఇంజిన్లు ఎలా మారుతూ వచ్చాయి?

ఆవిరి యంత్రం అన్నిటికంటే పాతది, ఇప్పటికీ అభిమానులు దాన్ని వదలలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత యూరప్‌లో స్పార్క్ ప్లగ్ అక్కరలేని చిన్న డీజిల్ ఇంజిన్లు వ్యాపించాయి. అమెరికాలో రే ఆర్డెన్ 1947లో గ్లో ప్లగ్‌ను మార్కెట్‌లోకి తెచ్చాడు. ప్లాటినం కలిసిన తీగను మొదట బ్యాటరీతో వేడి చేస్తే, తరువాత మిథనాల్ ఇంధనపు దహనమే దాన్ని ఎర్రగా ఉంచుతుంది. దీంతో ఇగ్నిషన్ కాయిలు, దాని బ్యాటరీ బరువు తప్పాయి. వాటితోపాటు, రిసీవరును తికమకపెట్టే స్పార్కుల అలజడి కూడా పోయింది. ఈ రెండో ప్రయోజనాన్ని చాలామంది గుర్తించరు. పడవ ఇంజిన్లకు ఒక అదనపు సౌకర్యం ఉంది: చుట్టూ నీరే కాబట్టి, పడవ వేగానికి ఎదురయ్యే నీటిని సన్నని గొట్టంలోకి పట్టి ఇంజిన్ చుట్టూ తిప్పి చల్లార్చవచ్చు.

ఎలక్ట్రిక్ పడవలు ఒకప్పుడు నెమ్మదిగా పోయేవి, ఇప్పుడు ఇంత వేగం ఎలా వచ్చింది?

బ్యాటరీ, మోటారు, వాటి మధ్యనుండే స్పీడ్ కంట్రోలర్ మూడూ మారిపోవడం వల్ల. మొదట్లో సీసపు బ్యాటరీలు వాడేవారు. అవి బరువైనవే అయినా, టగ్ బోటు వంటి నెమ్మది మోడళ్లకు ఎలాగూ బరువు వేయాలి కాబట్టి లోటు అనిపించేది కాదు. తరువాత నికెల్ కాడ్మియం, నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లు, వాటి వెనుక లిథియం పాలిమర్ వచ్చాయి. నికెల్ సెల్ ఒక్కొక్కటి 1.2 వోల్టులు ఇస్తే, లిథియం పాలిమర్ సెల్ 3.7 వోల్టులు ఇస్తుంది, బరువు కూడా తక్కువ.

పాత స్పీడ్ కంట్రోలర్ అంటే ఒక నిరోధక తీగ చుట్ట, దాని మీద సర్వోతో జరిగే ఒక లోహపు పుల్ల. సగం వేగంలో నడిపితే మిగతా శక్తి వేడిగా మారి వృథా అయ్యేది. మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు కరెంటును సెకనుకు వేలసార్లు తెరచి మూసి అదే పనిని దాదాపు నష్టం లేకుండా చేశాయి. బ్రష్‌లెస్ మోటారు రావడంతో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు, వాటి స్పార్కులు కూడా పోయాయి. లిథియం పాలిమర్ విషయంలో ఒక హెచ్చరిక తప్పదు: సెల్ 4.2 వోల్టులు దాటి చార్జ్ చేయకూడదు, 3 వోల్టుల కంటే కిందికి దిగనివ్వకూడదు, ఉబ్బిన ప్యాక్‌ను తిరిగి వాడకూడదు.

వేగం పడవల అడుగుభాగం ఒక్కోటి ఒక్కో తీరుగా ఎందుకు ఉంటుంది?

హల్ అంటే పడవ దేహం. నీటిని చీల్చుకుంటూ పోయే హల్‌కు, పడవ లేపే అల పొడవు ఒక హద్దు పెడుతుంది. ఆ హద్దు దాటాలంటే నీటి మీదికి లేచి జారాలి. లోతైన వీ ఆకారం అలల్లో నిలకడగా పోతుంది కాని ఎక్కువ భాగం తడుస్తుంది. హైడ్రోప్లేన్, కటమరాన్ రకాలు రెండు పక్కల తాకుడు పలకల మీద నిలిచి, మధ్యలో గాలిని పట్టుకుంటాయి. అవుట్‌రిగ్గర్‌లో పక్కలకు చాచిన చిన్న తేలే దిమ్మెలు, సగం నీటిలో, సగం గాలిలో తిరిగే ప్రొపెల్లరు తప్ప దాదాపు ఏదీ నీటిని తాకదు. అద్దంలాంటి నీటి మీద దీన్ని మించినది లేదు. అల లేస్తే మాత్రం గాలిలో పల్టీ కొడుతుంది.

## తరంగాలు, చానళ్లు

పాత ఫోటోల్లో ఏరియల్ చివర రంగు జెండాలు ఎందుకు కనిపిస్తాయి?

ఎవరు ఏ పౌనఃపున్యం మీద ఉన్నారో దూరం నుంచే తెలియడానికి. ఇద్దరు ఒకే పౌనఃపున్యం మీద ఉంటే ఒకరి పడవను మరొకరి ట్రాన్స్‌మిటరు లాగేస్తుంది. 27 మెగాహెర్ట్జ్ బ్యాండులో 26.995కు గోధుమ రంగు, 27.045కు ఎరుపు, 27.095కు నారింజ, 27.145కు పసుపు, 27.195కు ఆకుపచ్చ, 27.255కు నీలం వాడేవారు. పౌనఃపున్యాన్ని నిర్ణయించేది ట్రాన్స్‌మిటరులోనూ, రిసీవరులోనూ జంటగా పెట్టే క్వార్ట్జ్ స్ఫటికం. ఒడ్డున ఒక బోర్డుకు రంగు క్లిప్పులు తగిలించి, క్లిప్పు చేతికి తీసుకున్నవాడే స్విచ్చు వేయాలనే నియమం ఉండేది. దాన్ని మరచిపోయి స్విచ్చు వేసినవాడి మీద ఒడ్డంతా అరిచేది. తరువాత అనేక దేశాల్లో నేల, నీటి మోడళ్లకు 40 మెగాహెర్ట్జ్, అమెరికాలో 75 మెగాహెర్ట్జ్ బ్యాండులు కూడా వచ్చాయి.

2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో ఆ గొడవ ఎందుకు లేదు?

ఈ సెట్లు ఒకే పౌనఃపున్యం మీద నిలబడవు. 2000ల నడిమి నుంచి మోడళ్లకు విస్తరించిన ఈ పద్ధతిలో, సెట్టు రకాన్ని బట్టి, సంకేతం బ్యాండులో వేగంగా చోటు మారుతూ పోతుంది లేదా వెడల్పుగా పరచుకుంటుంది. రిసీవరును ఒకసారి ట్రాన్స్‌మిటరుతో జత చేస్తే ఆ ట్రాన్స్‌మిటరు గుర్తింపు సంఖ్య ఉన్న సంకేతాన్నే స్వీకరిస్తుంది. తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లే కాబట్టి రిసీవరు యాంటెన్నాలో పనిచేసే భాగం సుమారు 3 సెంటీమీటర్లు. 27 మెగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 11 మీటర్లు ఉండేది, లాగుడు ఏరియళ్ల పొడవుకు అదే కారణం. ఒక్క జాగ్రత్త: ఆ చిన్న యాంటెన్నా నీటి మట్టానికి ఎంత పైన ఉంటే సంకేతం అంత దూరం అందుతుంది.

పౌనఃపున్యాలు మార్చే ఆలోచన ఒక సినిమా నటిదంటారు. అది కట్టుకథా?

కట్టుకథ కాదు, కాని పూర్తి నిజమూ కాదు. నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి, శత్రువు అడ్డుకోలేని విధంగా టార్పిడోను రేడియోతో నడిపే పద్ధతికి 1942లో అమెరికా పేటెంట్ పొందారు. పియానోను తనంతట వాయించే రంధ్రాల కాగితపు చుట్ట వంటిదాన్ని రెండు చోట్లా ఒకే వేగంతో తిప్పి, పియానో మీటల సంఖ్య అయిన 88 పౌనఃపున్యాల మధ్య సంకేతాన్ని దూకించాలన్నది వారి ఊహ. పౌనఃపున్యాలు మార్చాలనే ఆలోచన అంతకుముందే ఇతరులకు వచ్చింది. ఇప్పటి సెట్లు నేరుగా వారి పేటెంట్ నుంచి పుట్టినవి కావు. అయినా నీటిలో పోయే వాహనం కోసమే ఆ ఊహ పుట్టడం మోడల్ పడవలవారికి ముచ్చటగా ఉంటుంది.

సబ్‌మెరైన్ మోడల్‌కు కొత్త సెట్టు పనికిరాదని ఎందుకు చెబుతారు?

2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీరు చాలా త్వరగా పీల్చుకుంటుంది. యాంటెన్నా మునిగిన కొద్ది సెంటీమీటర్లలోనే సంకేతం పోవచ్చు. 27, 40, 75 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యాలు మంచినీటిలో కొన్ని మీటర్ల లోతు వరకు అందుతాయి. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి సముద్రంలో అవీ పనిచేయవు. అందుకే పాత సెట్లను పారేయకుండా జాగ్రత్త చేసుకునేది సబ్‌మెరైన్ మోడళ్లవారే. సంకేతం తెగగానే బ్యాలస్ట్ ట్యాంకు (మునగడానికి నీరు నింపే తొట్టి) ఖాళీ అయి మోడల్ పైకి తేలేలా అమర్చడం వీటిలో తప్పనిసరి.

## తెరచాప మోడళ్లు

తెరచాప పడవలో రిమోట్ ఏం చేస్తుంది? నడిపేది గాలే కదా?

గాలే నడుపుతుంది. రిమోట్‌కు రెండే పనులు: ఒక చానల్‌తో చుక్కాని తిప్పడం, రెండో చానల్‌తో తెరచాప తాడును లాగడం, వదలడం. తాడు లాగడానికి పెద్ద చేయి ఉన్న బలమైన సర్వో గాని, తాడు చుట్టుకునే వించ్ గాని వాడతారు. ఎక్కువ సమయం కరెంటు ఖర్చయ్యేది ఈ తాడు లాగడానికే. మోటారు శబ్దం లేని ఈ ఆటలో నైపుణ్యమంతా గాలికి నీటి పైపొర ఎక్కడ నల్లబడి ముడతలు పడుతుందో ముందే గమనించడంలో ఉంది. పడవలో కూర్చున్నవాడికి గాలి ముఖానికి తగులుతుంది. ఒడ్డున నిలబడినవాడు దాన్ని కంటితోనే పట్టుకోవాలి.

మార్బుల్‌హెడ్, ఐఓఎమ్ తరగతుల మధ్య తేడా ఏమిటి?

మార్బుల్‌హెడ్ తరగతి 1930లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో అదే పేరున్న ఊరిలో పుట్టింది. పొడవు 50 అంగుళాలు, తెరచాప వైశాల్యం 800 చదరపు అంగుళాలు అనే రెండు హద్దులే మొదటి నియమాల సారం. రేడియో లేకుండా వదిలే పడవలకోసం పుట్టిన ఈ తరగతి తరువాత రేడియోను స్వీకరించి, ఖరీదైన పదార్థాలకూ కొత్త ఆకారాలకూ ప్రయోగశాలగా మారింది.

ఇంటర్నేషనల్ వన్ మీటర్, అంటే ఐఓఎమ్, 1988లో మొదలైంది. ఖర్చు అదుపులో ఉంచడం దీని ఉద్దేశం. పొడవు 1 మీటరు మించకూడదు, బరువు 4 కిలోలకు తగ్గకూడదు, హల్‌లో కార్బన్ ఫైబర్ నిషిద్ధం. గాలి బలాన్ని బట్టి మార్చుకునే మూడు తెరచాపల జతల కొలతలు ముందే నిర్ణయించారు. పరిమితుల వల్ల పడవలు దాదాపు సమానంగా ఉండి, గెలుపు నడిపేవాడి చేతిలో ఉంటుంది. కొత్తగా తెరచాప మోడల్ మొదలుపెట్టేవారికి మా సలహా ఇదే తరగతి.

## స్కేల్ మోడళ్లు, పోటీలు

నా మోడల్ అసలు నౌకలా కాకుండా బొమ్మలా పరుగెత్తుతోంది. ఎంత వేగంతో నడపాలి?

అసలు నౌక వేగాన్ని స్కేల్‌తో కాదు, స్కేల్ వర్గమూలంతో భాగించాలి. బ్రిటిష్ ఇంజినీరు విలియం ఫ్రౌడ్ 1870లలో టార్కీలో నిర్మించిన పరీక్షా కాలువలో మోడళ్లను లాగి చూసి, నౌక లేపే అలల తీరు వేగానికీ పొడవు వర్గమూలానికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుందని నిర్ధారించాడు. 1:100 మోడల్‌కు వర్గమూలం 10. అసలు నౌక వేగం 20 నాట్‌లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) అయితే మోడల్ 2 నాట్‌లతో, అంటే సెకనుకు సుమారు 1 మీటరు వేగంతో పోతే ముందుభాగం దగ్గర లేచే అల అసలు నౌక అలలాగే కనిపిస్తుంది. చాలామంది ఇంతకు రెండు మూడు రెట్ల వేగంతో నడిపి, మోడల్ ఎంత బాగా చేసినా బొమ్మలా ఉందని బాధపడతారు.

అసలు నౌక బరువును బట్టి మోడల్ బరువు ఎలా లెక్కించాలి?

స్కేల్ ఘనంతో భాగించాలి. 10,000 టన్నుల నౌకకు 1:100 మోడల్ చేస్తే, 100 ఘనం పది లక్షలు కాబట్టి బరువు 10 కిలోలు. మోడల్ నీటి గీత వరకు మునగాలంటే ఇంత బరువు ఉండాల్సిందే. బరువును వీలైనంత అడుగున పెట్టాలి. బరువు తగ్గితే పైకి తేలి ఊగిసలాడుతుంది.

మోడల్ యుద్ధనౌకలు నిజంగా కాల్చుకుని మునిగిపోయే ఆట ఉందా?

ఉంది. 1970ల చివర అమెరికాలోని టెక్సాస్‌లో మొదలైంది. మొదటి, రెండో ప్రపంచ యుద్ధాల నాటి నౌకలను 1:144 స్కేల్‌లో తయారు చేసి, పక్కలకు పలుచని బాల్సా చెక్క అంటిస్తారు. వాయు పీడనంతో చిన్న లోహపు గుండ్లు కాల్చి ఎదుటి నౌకకు రంధ్రాలు చేస్తారు. లోపలి పంపు నీటిని తోడుతూ ఉంటుంది, తోడలేనప్పుడు నౌక మునుగుతుంది. చెరువు అడుగు నుంచి పైకి తీసి, బాల్సా అతికించి, రేడియో పెట్టె ఆరబెట్టి మళ్లీ దింపుతారు. కంటి రక్షణ అద్దాలు పెట్టుకోకుండా ఒడ్డున నిలబడనివ్వరు.

అంతర్జాతీయ పోటీలను ఎవరు నిర్వహిస్తారు?

మోటారు పడవలు, స్కేల్ మోడళ్ల పోటీల్లో 1959లో ఏర్పడిన నావిగా ప్రధానమైన సంస్థ. తెరచాప తరగతుల నియమాలను ఇంటర్నేషనల్ రేడియో సెయిలింగ్ అసోసియేషన్ చూసుకుంటుంది.

## నేటి దశ

ఎవరూ నడపకుండా సముద్రాలు దాటే చిన్న పడవలు మోడల్ పడవల కిందికి వస్తాయా?

పరిమాణంలో వస్తాయి. 2016లో సీచార్జర్ అనే, ఇంటి దగ్గర తయారు చేసిన సుమారు 2.4 మీటర్ల సౌరశక్తి పడవ కాలిఫోర్నియా నుంచి హవాయికి 41 రోజుల్లో తనంతట తాను చేరింది. అక్కడి నుంచి న్యూజిలాండ్ వైపు బయలుదేరాక చుక్కాని చెడిపోయి దారి తప్పింది. 2018లో ఎస్‌బీ మెట్ అనే 2 మీటర్ల తెరచాప పడవ న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండ్ వైపు అట్లాంటిక్ దాటింది. ఇవి జీపీఎస్‌తో తమ చోటు తెలుసుకుని, ఉపగ్రహం ద్వారా సమాచారం పంపుతాయి. వదిలిన పడవ తనను తాను సరిదిద్దుకోవడం వేన్ గేర్ కాలం నాటి ఆలోచనే. రేడియో ఈ పడవల్లో ప్రతి క్షణం నడిపే చేయి కాదు, అప్పుడప్పుడు వచ్చే ఉత్తరం వంటిది.

ఫెయిల్‌సేఫ్ అంటే ఏమిటి? పెట్టుకోవడం అవసరమా?

సంకేతం తెగినప్పుడు పడవ ఏం చేయాలో ముందే రిసీవరుకు చెప్పి ఉంచడం. మోటారు పడవకు థ్రాటిల్ (మోటారు వేగాన్ని నియంత్రించేది) సున్నా చేయాలి, ఇది తప్పనిసరి. అదుపు తప్పిన వేగం పడవ నీటిలో ఉన్న మనిషినో, పక్షినో గాయపరచగలదు. తెరచాప పడవకు తాడు పూర్తిగా వదిలేలా పెడితే వేగం తగ్గి, గాలితో ఏదో ఒక ఒడ్డుకు కొట్టుకువస్తుంది.

అటక మీద పాత 27 మెగాహెర్ట్జ్ సెట్టు దొరికింది. వాడవచ్చా?

ముందు బ్యాటరీ పెట్టె తెరిచి చూడండి. లోపల వదిలేసిన సెల్‌లు కారి పచ్చని పొర కట్టి ఉంటే, ఆ ద్రవం తీగల లోపలికి కూడా పాకి ఉండవచ్చు. బోర్డు శుభ్రంగా ఉంటే కొత్త సెల్‌లు వేసి, ప్రొపెల్లరు విప్పి, నేల మీదే పరీక్షించండి. ట్రాన్స్‌మిటరు ఏరియల్ పూర్తిగా లాగకుండా ఎక్కువసేపు ఆన్‌లో ఉంచవద్దు, కొన్ని పాత సెట్లలో చివరి ట్రాన్సిస్టరు వేడెక్కి పోతుంది. ట్రాన్స్‌మిటరు, రిసీవరు స్ఫటికాలను ఒకదాని చోట మరొకటి పెట్టకూడదు, వాటి పౌనఃపున్యాలు కావాలనే కొద్ది తేడాతో ఉంటాయి. మీరుండే దేశంలో ఆ బ్యాండు ఇప్పటికీ మోడళ్లకు అనుమతించినదేనా అన్నది కూడా చూసుకోవాలి. ఇవన్నీ సరిపోతే నెమ్మదిగా పోయే పడవలో పెట్టి, గాలి ఒడ్డువైపు వీస్తున్న రోజున దింపండి. రేడియో ఆగిపోయినా పడవ మీ కాళ్ల దగ్గరికే వస్తుంది.